ఉల్లిపొర మీద ఉప్పునీటి బొట్టు

సిద్దమ్మను నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె బావిగట్టు మీద ఒక్కతే కూర్చుని జొన్నరొట్టె తింటోంది. అది 1955, ఆషాఢమాసం. నాకు ఇరవై మూడేళ్లు. ఒంటిమిట్ట పక్క పల్లెలో పుట్టి పెరిగినవాణ్ణి. ఆరునెలల శిక్షణ ముగించుకుని గ్రామసేవకుడి ఉద్యోగంలో ఆలూరు వైపు వచ్చి పడ్డాను. నాకు అప్పగించిన పది ఊళ్లలో నల్లచెలిమల ఒకటి. ఆలూరుకు ఆరు మైళ్లు. ఎండాకాలం సైకిలు మీద పోవచ్చు. వాన పడితే ఆ రేగడిలో సైకిలును మనమే భుజాన మోయాలి. ఆరోజు అలాగే మోసుకుంటూ వెళ్లాను.

"ఎవరప్పా నువ్వు?" అని అడిగింది.

"గ్రామసేవకుణ్ణక్కా. పెంచలయ్య అంటారు."

"సేవ చేసేదానికి వచ్చినావా?" అని నన్నూ, బురద కొట్టుకుపోయిన నా కాళ్లనూ చూసింది. "ముందు కాళ్లు కడుక్కో. మల్ల ఈ రొట్టె తిను. సేవ యాడికీ పోదులే."

సగం రొట్టె విరిచి ఇచ్చింది. దాని మీద పచ్చిమిరపకాయ కారం. నేను ఆ ప్రాంతానికి వచ్చిన మూడు వారాల్లో నన్ను తిన్నావా అని అడిగిన మొదటి మనిషి ఆమె. ఆమెతో కూర్చుని తిన్న మొదటి మనిషిని నేనేనని తర్వాత తెలిసింది. మొదటి అంటే అంతకుముందు రెండేళ్లలో, బావి తవ్వే ఉరుకుందప్ప కాకుండా.

ఆమె భర్త హనుమన్న. ఊరికి పడమర ఐదెకరాల రేగడి వాళ్లది. పిల్లలు లేరు. కరువు మొదలైన ఏడు ఆయన పొలంలో బావి తవ్వడం మొదలుపెట్టాడు. రెండు మనిషి నిలువుల లోతు పోయాక 1952లో చలిజ్వరం వచ్చి, తొమ్మిదో రోజున పోయాడు. భూమి కౌలుకిచ్చి పుట్టింటికి రమ్మని సిద్దమ్మ అన్న వచ్చి పిలిచాడు. మరిది కూడా అదే మంచిదన్నాడు. ఆమె ఎవరి మాటా వినలేదు. మెడలోని కాసులదండ అమ్మి, ఉరుకుందప్పను పిలిపించింది.

ఉరుకుందప్ప బావుల్లో రాయి కొట్టడమే బతుకైన మనిషి. యాభై దాటిన వయసు. భార్య చచ్చిపోయింది. రెండేళ్లపాటు ఆయన లోపల తవ్వుతుంటే సిద్దమ్మ పైన నిలబడి గంపలు చేదింది. కూలికి మనుషులు దొరికినప్పుడు నలుగురు, దొరకనప్పుడు వాళ్లిద్దరే. ఊళ్లో మాటలు పుట్టడానికి అది చాలు. పక్కింటి లక్ష్మక్క, పదేళ్లుగా నిప్పు కోసం, ఉప్పు కోసం వచ్చి పోతుండిన మనిషి, రావడం మానేసింది. మరిది ఇంట్లో పెళ్లికి పిలుపు రాలేదు. సిద్దమ్మ ఊళ్లో ఇంటికి తాళం వేసి, బావి దగ్గర గుడిసె వేసుకుంది.

ఏడో నిలువులో నీళ్లు పడ్డాయి. ఉరుకుందప్ప దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని, "కొంచెం ఉప్పన ఉండాయి సిద్దమ్మా. తోడేకొద్దీ తీపొస్తాయిలే" అని పైకి కేక వేశాడట. ఆ మాట ఆ ప్రాంతంలో బావులు తవ్వే ప్రతి మనిషీ అనేదే. ఒక్కోసారి నిజమవుతుంది కూడా.

ఇదంతా జరిగిన మూడో నెలలో నేను ఆ గట్టు మీద కూర్చుని రొట్టె తిన్నాను. ఆ నీళ్లు మాత్రం తాగలేదు. ఆమె నాకు మజ్జిగ ఇచ్చింది. గ్రామసేవకుడు నీళ్లు రుచి చూడాలని నా శిక్షణలో ఎవరూ చెప్పలేదు. నా అంతట నాకూ తోచలేదు. బావినిండా నీళ్లు, కింద నల్లరేగడి. చూడగానే ఉల్లి వేయమన్నాను.

"ఎర్రగడ్డనా? మా పక్క ఎవరూ ఏయలేదే."

"నీళ్లుంటే బంగారం పండుతుందక్కా. నేనుండాను గదా" అన్నాను.

ఆ చివరి మాట ఎందుకన్నానో నాకిప్పటికీ తెలియదు. చిన్నతనం. కొత్త ఊళ్లో నన్ను నమ్మే మనిషి ఒకరు దొరికారన్న సంతోషం.

కార్తీకంలో ఒకటిన్నర ఎకరం నాటింది. తోలుబానతో నీళ్లు చేదే కపిల కట్టి, రెండెద్దులతో తానే తోలింది. ఉరుకుందప్ప వారానికోసారి వచ్చి గట్టు మీద కూర్చునేవాడు. తాను తవ్విన బావి నీళ్లు కాలవలో పోతుంటే చూడటం ఆయనకు ఇష్టం. పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కారు. ఆయన బీడీ తాగేవాడు, ఆమె పని చేసుకునేది. పొద్దు వాలగానే లేచి వెళ్లేవాడు.

మొదటి నెల నారు పచ్చగా నిలబడింది. మార్గశిరం నడుమకు వచ్చేసరికి ఆకుల కొనలు ఎండటం మొదలైంది. ఎవరో దీపానికి పెట్టి కాల్చినట్టు కొనలు మాత్రమే. తర్వాత మధ్యాహ్నం పూట మొక్కలు వాలిపోసాగాయి. కింద మట్టి తడిగానే ఉంది. వేలు పెడితే వేలికి అంటుకుంటోంది. అయినా దాహంతో ఉన్న మొక్కలా వాలిపోతున్నాయి.

"ఏమప్పా ఇది? కాళ్లు నీళ్లలో పెట్టుకోని దప్పికతో సస్తాండాయి" అంది సిద్దమ్మ.

నేను నా పుస్తకం తిరగేశాను. ఆకు పసుపు పచ్చగా ఉంటే నత్రజని చాలలేదని ఉంది. రెండు బస్తాల సీమఎరువు, అదే అమ్మోనియం సల్ఫేటు, బండి మీద తెప్పించి వేయించాను. ఎనిమిది రోజులకోసారి పెట్టే తడిని నాలుగు రోజులకోసారి పెట్టమన్నాను. ఆమె ఎద్దులు అలిసిపోయినా తోలింది. పది రోజుల్లో సగం చేను పడిపోయింది. మడిగట్ల మీద తెల్లగా పొడి తేలింది.

ఆ తర్వాత పదిహేను రోజులు నేను నల్లచెలిమల వైపు పోలేదు. మిగతా తొమ్మిది ఊళ్లలో పని ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. పని లేదు. ఆమె ముఖం చూడలేక పోలేదు.

ఆ పదిహేను రోజుల్లో జరిగింది నాకు తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఆ చెయ్యి మంచిది కాదు, మొగుణ్ణి తిన్నది, చేనునూ తిన్నదని ఊళ్లో అన్నారు. ఎవరో అన్న మాటను లక్ష్మక్క చెరువు కాడ పదిమందిలో మళ్లీ అంది. సిద్దమ్మ కడవతో అక్కడే ఉంది. నీళ్లు ముంచుకుని వచ్చేసింది. ఆ సాయంత్రం ఉరుకుందప్ప మామూలుగా వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. ఊళ్లో అనలేకపోయిన మాటలన్నీ ఆమె ఆయన మీద పోసింది.

"తీపొస్తాయంటివే, యాడ తీపు? ఉప్పుబావి తవ్విపెట్టి నా కొంప తీసినావు. ఇంక నా గట్టు తొక్కద్దు."

ఆయన లేచి నిలబడ్డాడు. గుడిసె చూరులో దోపిన తన గడ్డపార తీసుకున్నాడు. మోకు చుట్ట భుజాన వేసుకున్నాడు. వారం తిరగకుండానే ఊరు విడిచి నందికొట్కూరు వైపు బావుల పనికి పోయాడని తెలిసింది.

అప్పటినుంచి ఆమెతో మాట్లాడే మనిషి లేడు. రోజుల తరబడి నోరు తెరవకపోతే గొంతు బిగుసుకుపోతుందని, ఎద్దులను అదిలించడానికి నోరు తెరిస్తే తన గొంతు తనకే కొత్తగా వినపడేదని ఒకసారి చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

పుష్యమాసంలో ఒక మధ్యాహ్నం, పడిపోయిన చేలో నిమ్మకాయంత ఊరిన గడ్డలు నాలుగు పీక్కొచ్చి, చక్రాలుగా కోసి, ఉప్పు చల్లి సత్తుపళ్లెంలో పెట్టింది. రొట్టె కాల్చుకుని తిందామని పొయ్యి దగ్గర కూర్చుంది. ఇంతలో ఎద్దు పలుపు తెంచుకుంటే దాని వెంట పోయి, అరగంటకు తిరిగివచ్చింది. పళ్లెంలో నీళ్లు నిలిచి ఉన్నాయి. పెళపెళలాడుతుండిన ఉల్లిచక్రాలు తడిగుడ్డ పేలికల్లా వాలి ఉన్నాయి.

ఉప్పు వేస్తే ఉల్లి నీరు విడుస్తుందని ఏ ఆడమనిషికైనా తెలుసు. ముప్పై ఏళ్లుగా ఆమె చేతుల మీద జరుగుతున్నదే. కానీ ఆరోజు ఆ చక్రాలు వాలిన తీరు, బయట చేలో ఆకులు వాలిన తీరు ఒక్కటేనని ఆమెకు కనపడింది. ఆ తర్వాత పెనం మీద వేసిన రొట్టె మాడిపోయిందట.

మర్నాడు ఆలూరు సంతకు వచ్చిన ఒక ముసలాయనతో నాకు కబురు పంపింది. ఆ సేవ చేసే అబ్బిని ఒకసారి రమ్మను, తిట్టను అని చెప్పు అందట. భయపడుతూనే వెళ్లాను.

గుడిసె ముందు మూడు మట్టిమూకుళ్లు పెట్టి ఉన్నాయి. ఒకదాంట్లో చెరువు మంచినీళ్లు, ఒకదాంట్లో బావినీళ్లు, ఒకదాంట్లో ఉప్పు కలిపిన నీళ్లు. నా కళ్ల ముందే ఒక గడ్డ కోసి, మూడింట్లోనూ చక్రాలు వేసింది.

"సూడు" అని కూర్చుంది.

ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. గంట గడిచాక ఉప్పునీళ్లలోవి మెత్తబడ్డాయి. మంచినీళ్లలోవి ఇంకా బిరుసెక్కాయి. బావినీళ్లలోవి కూడా గట్టిగానే ఉన్నాయి. నేను ఒకటి తీసి విరిచాను. పెళుక్కుమంది.

"బావినీళ్లు ఏం చేయలేదక్కా" అన్నాను. నాకు లోలోపల తేలికగా అనిపించిందని ఒప్పుకోవాలి. నీళ్లలో తప్పు లేకపోతే, ఉల్లి వేయమన్న నా మాటలోనూ తప్పు లేనట్టే కదా.

ఆమె చాలాసేపు ఆ మూకుడునే చూసింది. "మొదటి నెల చేను కూడా ఇట్లనే ఉన్నింది" అంది నెమ్మదిగా. తర్వాత లేచి చేలోకి వెళ్లి, మడిగట్టు మీది తెల్లటి పొడి గోకి చెంబులో వేసుకుని వచ్చింది. "నీళ్లు ఎండకు పైకి పోతాయి. ఉప్పు పోతాదా? పోదు. ఈడనే ఉంటాది. మల్ల తడి పెడితే మల్ల కొంచెం. మల్ల కొంచెం." ఆ పొడిని మంచినీళ్లలో కలిపి, కొత్త చక్రాలు వేసింది.

అరగంటలో అవి పేలికలయ్యాయి.

ఆమె గుడిసెలోకి పోయి, నేను తెప్పించిన సీమఎరువులో మిగిలిన పిడికెడు తెచ్చి, అదీ నీళ్లలో కరిగించి, దాంట్లోనూ చక్రాలు వేసింది. అవి కూడా వాలిపోయాయి. ఆమె నా వైపు చూడలేదు. మూకుళ్లు బోర్లించి కడగడానికి తీసుకుపోయింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆరోజు ఇంకో పని కూడా చేశాం. చేలో ఇంకా ప్రాణమున్న పది మొక్కలను వేళ్లతో సహా లేవనెత్తి, మట్టి కడిగి, మంచినీళ్ల కుండలో నిలబెట్టాం. సాయంత్రానికి ఏడు తలెత్తాయి. మూడు ఎత్తలేదు.

ఆమెకు తెలియాల్సింది ఇంకా ఉంది. ఉప్పు బయట ఉంటే లోపలి నీళ్లు బయటికి ఎందుకొస్తాయి? ఎవరు లాగుతున్నారు? నన్ను అడిగింది. నాకు తెలియదన్నాను. అబద్ధం చెప్పకుండా ఆమెకు నేనిచ్చిన మొదటి జవాబు అదే.

ఆ ఏడు ఉగాదికి ముందు కర్నూలులో వ్యవసాయ ప్రదర్శన పెట్టారు. కర్నూలు అప్పుడు రాజధాని. నా ఊళ్ల నుంచి రైతులను వెంటబెట్టుకు రమ్మని ఉత్తర్వు. బస్సులో పదకొండు మంది మగవాళ్లు, సిద్దమ్మ. ఆమె పక్కన సీటు పత్తికొండ దాకా ఖాళీగానే ఉంది. వెనక నిలబడినవాళ్లున్నా ఎవరూ కూర్చోలేదు. పత్తికొండలో ఎవరో ముస్లిం ముసలామె బుర్ఖా సర్దుకుంటూ ఎక్కి, "జరుగమ్మా" అని కూర్చుని, కర్నూలు దాకా తన మోకాళ్ల నొప్పుల సంగతి చెప్పింది. సిద్దమ్మ ఎంతో శ్రద్ధగా విన్నది.

ప్రదర్శనలో ఒక కాలేజీవాళ్ల డేరా ఉంది. బల్ల మీద మైక్రోస్కోపు, దాని వెనక తెల్ల ఖద్దరు చీరలో ఒక యువతి. పేరు కృపమణి. వృక్షశాస్త్రం ప్రయోగాలు చేయించే ఉద్యోగం. వచ్చినవాళ్లకు ఏదో ఒక ఆకు ముక్క చూపించి పంపుతోంది. సిద్దమ్మ బల్ల దగ్గరికి పోయి నేరుగా అడిగింది.

"తల్లీ, ఎర్రగడ్డ మీద ఉప్పు ఏస్తే నీళ్లు ఎందుకు ఇడుస్తాది?"

కృపమణి చేతిలో పని ఆపింది. "మీరు ఎక్కడినుంచి వచ్చారమ్మా?" అంది. సిద్దమ్మ చెప్పింది. బావి, చేను, మూకుళ్లు అన్నీ. కృపమణి చివరిదాకా విని, ఒక పిల్లను పంపి వంటడేరా నుంచి ఎర్ర ఉల్లిగడ్డ తెప్పించింది. దాని పైపొరను గోరుతో సన్నగా ఒలిచి, గాజుపలక మీద పరిచి, మంచినీటి బొట్టు వేసి, "ఒక కన్ను మూసుకుని చూడండి" అంది.

సిద్దమ్మ వంగింది. చాలాసేపు కదల్లేదు.

"ఇల్లు కట్టేదానికి ఇటికలు పేర్చినట్టుండాది" అంది. "ఇటికల్లో వంకాయరంగు నీళ్లు నిండుకోనుండాయి."

"అవి ఇటుకలు కాదమ్మా, గదులు. కణాలంటాం. ఉల్లి అంతా అవే. మీరూ నేనూ కూడా అవే. ఇప్పుడు చూస్తూనే ఉండండి." కృపమణి పలక అంచున ఉప్పునీటి బొట్టు వేసి, అవతలి అంచున అద్దుడు కాగితం ముక్క ఆనించి లాగింది.

"అయ్యో" అంది సిద్దమ్మ. "తగ్గిపోతాండాది. మూలలు ఇడిసిపెట్టి నడుమకు పోతాండాది... ముడుసుకోని పోతాండాది. ఇల్లు అట్లనే ఉండాది, లోపల మనిషి ముడుసుకున్నట్టు."

నేనూ చూశాను. ఊదారంగు గోడలను వదిలి నడుమ ఉండలా చేరింది. చుట్టూ ఖాళీ.

కృపమణి విడమరిచి చెప్పింది. బయటి గోడ గట్టిది. దానికి లోపల ఆనుకుని కంటికి ఆనని పల్చటి పొర ఒకటి ఉంటుంది. నీళ్లను అది తేలికగా పోనిస్తుంది, ఉప్పును అంత తేలికగా పోనివ్వదు. ఎవరూ లాగరు, ఎవరూ తొయ్యరు. నీళ్లు రెండు పక్కలకూ పోతూ వస్తూనే ఉంటాయి. బయట ఉప్పు ఎక్కువైతే వచ్చేదానికన్నా పోయేది ఎక్కువవుతుంది. లోపల ఉప్పూ చక్కెరా ఎక్కువుంటే, పోయేదానికన్నా వచ్చేది ఎక్కువవుతుంది. వేరు మట్టిలోంచి నీళ్లు తాగేది ఆ దారినే. మట్టిలో ఉప్పు పేరుకుంటే నీళ్లు ఎంత ఉన్నా వేరు లోపలికి రావు.

"మరి మొక్కకు మట్టిలో సారం కావల్ల గదా? అది ఎట్ల పోతాది? పొర పోనీదంటివే."

కృపమణి నా వైపు చూసింది, ఈ ప్రశ్న మీరు నేర్పారా అన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. "దానికి మొక్క కష్టపడాలమ్మా" అంది. "కావలసింది ఏరుకుని, తన బలం ఖర్చుపెట్టి లోపలికి చేదుకుంటుంది. అది ఎలా చేస్తుందో పెద్ద పెద్దవాళ్లకే ఇంకా పూర్తిగా తెలియలేదు. ఆ పనికి ఊపిరి కావాలి. అందుకే వేరుకు గాలి ఆడాలి. రోజూ తడి పెట్టి మట్టిని బురద చేస్తే దానికి ఊపిరాడదు."

నాలుగు రోజులకోసారి తడి పెట్టమన్నది నేను. ఈసారి కూడా సిద్దమ్మ నా వైపు చూడలేదు.

కృపమణి ఉప్పునీటిని తీసేసి మళ్లీ మంచినీళ్లు పట్టింది. ముడుచుకున్న రంగు నెమ్మదిగా విచ్చుకుని మూలలదాకా నిండింది. సిద్దమ్మ మెల్లగా ఊపిరి వదిలింది. వెనక వరసలో ఎవరో "ఎంతసేపమ్మా" అని విసుక్కున్నారు. ఆమె కన్ను తీయలేదు.

"ఉప్పులో ఎంతసేపుంటే మల్ల ఇట్ల రాదు తల్లీ?"

"అది ఉప్పును బట్టి ఉంటుంది. ఎక్కువసేపుంటే ఆ పల్చటి పొర చచ్చిపోతుంది. చచ్చాక దేన్ని రానివ్వాలో, దేన్ని ఆపాలో దానికి తెలియదు. రంగు కూడా కారిపోతుంది. అప్పుడు ఎన్ని మంచినీళ్లు పోసినా అంతే."

తిరుగు ప్రయాణంలో ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. దేవనకొండ దాటాక, "ఆయప్పను ఉత్తపుణ్యానికి తిట్టినాను" అంది. ఎవరినని నేను అడగలేదు.

నాలుగు రోజుల తర్వాత, రొట్టెలు మూటకట్టుకుని, ఎద్దులను నాకు అప్పగించి, ఒక్కతే నందికొట్కూరు బస్సెక్కింది. అక్కడ ఇద్దరు ముగ్గుర్ని అడిగి, ఊరికి దూరంగా ఒక తోటలో కొత్తగా తవ్వుతున్న బావి దగ్గరికి పోయింది. ఉరుకుందప్ప అడుగున ఉన్నాడు. ఐదు నిలువుల లోతు. కింద నుంచి రాయి కొట్టే చప్పుడు వస్తోంది. ఆమె గట్టు మీద వంగి పిలిచింది. చప్పుడు ఆగింది.

"ఎవరూ?"

"నేనప్పా. సిద్దమ్మను."

"ఏమొచ్చినావు?" అన్నాడు.

"నోరు జారినాను. నీ తప్పేం ల్యాదు. చెప్పిపోదామని వచ్చినా."

"నీళ్లలో ఉప్పు నేను పెట్టలేదు సిద్దమ్మా. రాయి పగలగొట్టినా, అంతే."

"తెలుసప్పా. పైకి రా. రొట్టె తెచ్చినా."

ఆయన మోకు పట్టుకుని పైకి వచ్చాడు. రొట్టె తిన్నారు. చేను సంగతి అడిగాడు, చెప్పింది. ఊరికి రమ్మంది. ఇక్కడ ఇంకా రెండు బావులు ఒప్పుకున్నానన్నాడు. ఆ తర్వాత చూద్దామన్నాడు. కోపంగా ఉన్నాడా అని నేను అడిగితే, "కోపం ల్యాదుప్పా. అదీ ల్యాదు" అంది సిద్దమ్మ. ఆయన మళ్లీ నల్లచెలిమల రాలేదు. రెండో ఏడు వానల్లో, తుంగభద్ర కాలవ పనుల కాడ ఎక్కడో పోయాడని కబురు వచ్చింది. అప్పటికి ఆయన పోయి నాలుగు నెలలైందట. ఏ ఊళ్లోనో కూడా సరిగా చెప్పలేకపోయారు. సిద్దమ్మ ఆరోజు కపిల కట్టలేదు. అంతకుమించి ఏమీ చేయలేదు. ఏ వరసన ఏడవాలో ఆమెకు తెలియలేదనుకుంటాను.

చేను సంగతి చెప్పాలి. ఆ బావినీళ్లు చేనుకు పెట్టడం ఆమె మానేసింది. రెండేళ్ల చాకిరీ, మెడలోని బంగారం, మొగుడు మొదలుపెట్టిన పని. అన్నీ ఆ బావిలోనే ఉన్నాయి. అయినా మానేసింది. గట్ల మీది తెల్లపొడి గంపలకెత్తి వంకలో పోసింది. పొలం చుట్టూ మట్టికట్టలు వేసి, పడిన ప్రతి వానచుక్కనూ మళ్లలోనే నిలబెట్టి, ఉప్పును కిందికి దిగిపోనిచ్చింది. రెండు వానాకాలాలు పట్టింది. మొదట జొన్న వేసింది. తర్వాత పత్తి. ఉప్పుకు కాస్త ఓర్చుకునే పైర్లవి. పత్తి గడ్డకట్టిన రేగడిలోనూ నిలిచింది. వాన మరీ ముఖం చాటేసినప్పుడు మాత్రం బావినీళ్లు ఒక తడి పెట్టేది. ఆ తర్వాత మళ్లీ వానలకు నేల కడుక్కునేదాకా పెట్టేది కాదు. ఉల్లి మళ్లీ వేయలేదు. నేనూ వేయమనలేదు.

నేను మారాను. కొత్త ఊరికి పోతే ముందు నీళ్లు నోట్లో పోసుకుని చూసేవాణ్ణి. నాలిక మీద పెట్టగానే చెప్పడం నాకు చేతకాలేదు. ఆమెకు వచ్చింది. మొదట ఎదురూరి రైతు ఒకడు కొత్త బావినీళ్లు చెంబులో తెచ్చి, ఆమెను నేరుగా అడగలేక నాతో అడిగించాడు. ఆమె ఒక గుక్క పట్టి, పుక్కిలించి ఉమ్మి, "జొన్నకు పనికొస్తాయి. మిరపకు వద్దు" అంది. మర్నాడు మరొకడు. ఆ తర్వాత ఇద్దరు. అనుమానమొస్తే మూకుడులో నీళ్లు పోసి ఎండబెట్టి, అడుగున మిగిలిన తెలుపును వేలితో రాసి చూసేది. దుడ్లు తీసుకునేది కాదు. ఇస్తామని ఎవరూ గట్టిగా అనలేదు కూడా.

లక్ష్మక్క మొగుడు బావి తవ్వించినప్పుడు లక్ష్మక్కే చెంబు పట్టుకుని వచ్చింది. నేనక్కడే ఉన్నాను. గుడిసె ముందు నిలబడి, చెంబు ముందుకు చాచి, "ఇదో... సూస్తావేమోనని" అంది. సిద్దమ్మ చూసింది. "మంచినీళ్లు. ఏమన్నా ఏసుకోండి" అంది. లక్ష్మక్క ముఖం వెలిగిపోయింది. కదలకుండా అక్కడే నిలబడింది. కూర్చోమంటే కూర్చునేదేమో. సిద్దమ్మ అనలేదు. లక్ష్మక్క ఖాళీ చెంబు తీసుకుని వెళ్లిపోయింది.

"కూర్చోమని ఉంటే బాగుండేది కదక్కా" అన్నాను.

"నోటిదాకా వచ్చిందిప్పా. బయటికి రాలేదు" అంది.

జనం వచ్చేవాళ్లు, అడిగేవాళ్లు, పోయేవాళ్లు. వాకిట్లోనే నిలబడేవాళ్లు. తిన్నావా, పడుకున్నావా, ఒళ్లు ఎట్లుంది అని ఎవరూ అడిగేవాళ్లు కారు. నేను వారానికోసారి వెళ్లేవాణ్ణి. నాకు పెళ్లయ్యాక పదిహేను రోజులకోసారి. తర్వాత నెలకోసారి. ఆమె ఎప్పుడూ ఏమైపోయినావని అడగలేదు.

1959 చివర నన్ను రాయచోటికి బదిలీ చేశారు. పోయేముందు చెప్పివెళ్దామని నల్లచెలిమల వెళ్లాను. గుడిసె తలుపు గొళ్లెం పెట్టి ఉంది. పత్తి తీతకు వంక అవతలికి పోయిందని ఎవరో అన్నారు. గుడిసె ముందరి అరుగు మీద మూడు చెంబులు వరసగా పెట్టి ఉన్నాయి. దుమ్ము పడకుండా ఒక్కోదాని మీద ఆముదపు ఆకు కప్పి, ఎవరిది ఎవరిదో తెలియడానికి మెడకు వేరువేరు గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. తెచ్చినవాళ్లు పెట్టేసి వెళ్లిపోయారు. సాయంత్రం వచ్చి జవాబు వినిపోతారు.

నేను ఆ అరుగు మీద కూర్చుని ఆమె కోసం చూశాను. మూడున్నర దాటింది. ఆలూరులో బస్సు ఐదింటికి. నాలుగు దాకా ఉండి, సైకిలెక్కాను.